సామాను గది - రోజుకొక మూల
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మామూలుగా చదువుల గురించి, ఉద్యోగాల గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాం. ఈవేళ మేము ఎత్తుకున్న విషయం వినగానే కొందరికి నవ్వు రావచ్చు. మన ఇళ్ళల్లో వుండే సామాను గది గురించి నాలుగు మాటలు మనవి చేయాలనుకుంటున్నాము. కొందరు దాన్ని స్టోరు రూము అంటారు. కొందరు వెనక గది అంటారు. కొన్ని ఇళ్ళల్లో దానికి పేరు కూడా వుండదు. "ఆ గదిలో పడెయ్" అంటే చాలు, ఏ గదో ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇంత పెద్ద సభలో ఇంత చిన్న సంగతా అనుకోకండి. మనలో చాలామందివి రెండు గదుల ఇళ్ళు, మహా అయితే మూడు. ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి మంచం మీద కూర్చుని, పక్కన టీవీ మోగుతుంటే, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మ హాల్లో, అందరూ తిరిగే దారిలో పక్క వేసుకుంటుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కొడుకు పగలు నిద్రపోదామంటే చోటు దొరకదు. ఆ పక్కనే పదడుగుల గది ఒకటి మూసిన తలుపు వెనక వుంటుంది. అందులో కాపురం చేస్తున్నదెవరయ్యా అంటే, కాలు విరిగిన కుర్చీ, తిరగని ఫ్యాను, పెళ్ళిలో వచ్చిన స్టీలు బిందెలు, పెద్దవాడి మూడో తరగతి పుస్తకాలు!

ఒక చిన్న లెక్క చేద్దాం. ఇల్లు నాలుగు వందల చదరపు అడుగులనుకోండి. అద్దె ఎనిమిది వేలనుకోండి. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు వున్న గది అంటే వంద చదరపు అడుగులు, ఇంట్లో నాలుగో వంతు. అంటే నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేల రూపాయలు ఆ పాత సామానుకు మనం అద్దె కడుతున్నాం. అందులో వున్నవన్నీ అమ్మినా అంత వస్తుందా? సొంత ఇల్లయినా సంగతి అదే. సామానుకు ఇచ్చిన చోటు ఇంట్లో ఎవరో ఒక మనిషి దగ్గర తీసుకున్న చోటే. మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాట. మిగతాదంతా ఆ చోటును ఎలా తిరిగి తెచ్చుకోవాలన్న ఉపాయమే.

అసలు ఆ గది అలా ఎందుకు నిండుతుంది? ఇంటి ఇల్లాలు బద్ధకస్తురాలనా? కానే కాదు. ఏ వస్తువూ వృథా చేయకూడదని మన పెద్దలు నేర్పారు. అది మంచి బుద్ధే. కాని ఆ రోజుల్లో దాచిన వస్తువుకు మళ్ళీ బయటికి వచ్చే దారి వుండేది. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. అణిగిపోయిన పరుపును దూదేకుల వారు విప్పి, దూది ఏకి మళ్ళీ కొత్తదానిలా కుట్టిచ్చేవారు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు. గొడుగు బాగుచేసేవాడు, కుర్చీ అల్లేవాడు, రంపానికి పదును పెట్టేవాడు ఇంటిముందే కూర్చుని పనిచేసి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు చాలా వీధుల్లో ఆ చేతివృత్తుల వాళ్ళు కనిపించడమే అరుదైంది. దాచే అలవాటు మనకు మిగిలింది, దాచినదాన్ని బాగుచేసే మనిషి మాయమయ్యాడు. అందుకని "ఎప్పుడైనా బాగుచేయిద్దాంలే" అని లోపల పెట్టింది పదేళ్ళయినా అక్కడే వుంటుంది.

రెండో కారణం కూడా వుంది. ఆ గదిలో వున్న ప్రతి వస్తువూ మనం వాయిదా వేసిన ఒక నిర్ణయం. ఈ మిక్సీ బాగుచేయించాలా, వద్దా? ఈ స్వెట్టరు ఎవరికైనా ఇవ్వాలా, వద్దా? ఆ రోజు తేల్చుకోలేక లోపల పెట్టాం. అలాంటివి రెండు వందలు, మూడు వందలు పేరుకున్నాయి. అందుకే తలుపు తీయగానే గుండె జారిపోతుంది. మనకు కనిపించేది దుమ్ము కాదండీ, ఒక్కసారిగా తేల్చవలసిన మూడు వందల ప్రశ్నలు.

మరి పండగ ముందు మనం ఏం చేస్తాం? వెల్ల వేయించాలనో, చుట్టాలు వస్తున్నారనో ఒక ఆదివారం కొంగు బిగిస్తాం. గదిలో వున్నదంతా తెచ్చి హాల్లో గుట్ట పోస్తాం. పన్నెండు గంటలకు పాత ఫొటోలు దొరుకుతాయి, అందరూ చుట్టూ చేరతారు. రెండు గంటలకు అన్నం వండలేదని గుర్తొస్తుంది. నాలుగు గంటలకు నడుము పట్టేస్తుంది. పొద్దుగూకేసరికి హాల్లో పడుకోవడానికి చోటుండాలి కాబట్టి, అంతా మళ్ళీ లోపలికి తోసి తలుపు వేసేస్తాం. మునుపటికంటే అధ్వాన్నంగా! "ఇది మన వల్ల కాదు" అన్న నిరుత్సాహం పైగా లాభం. తప్పు మనిషిది కాదు, పద్ధతిది. పదేళ్ళలో పేరుకున్నది ఒక్క పూటలో తీరదు. రోజూ కొంచెం కొంచెంగా చేరింది, రోజూ కొంచెం కొంచెంగానే వెళ్ళాలి.

కాబట్టి మేము చెప్పే పద్ధతి ఇది. రోజుకు ఇరవై నిమిషాలు, రోజుకు ఒక మూల. గడియారం చూసి మొదలుపెట్టండి, గడియారం చూసి ఆపెయ్యండి. ఉత్సాహంగా వున్నా ఆపెయ్యండి, రేపటికి ఆ ఉత్సాహం పనికొస్తుంది. ఇంకొక కట్టుబాటు: ఇరవై నిమిషాల్లో తేల్చగలిగినంతే బయటికి తీయండి. ఒక అట్టపెట్టె, ఒక అర, ఒక ట్రంకు పెట్టెలో పై వరస, అంతే. హాల్లో గుట్ట పోయడం మాత్రం వద్దు. ఏ రోజు పని ఆ రోజుకు ముగిసిపోవాలి.

పని మొదలుపెట్టే ముందు మూడు గోనె సంచులు, ఒక అట్టపెట్టె సిద్ధం చేసుకోండి. మొదటి సంచి పారెయ్యవలసిన వాటికి. రెండోది పాత సామాన్లవాడికి తూకానికి వేయవలసిన వాటికి. మూడోది ఎవరికైనా ఇవ్వవలసిన వాటికి. ఇంట్లో వుండవలసిన వస్తువును ఏ సంచిలోనూ వేయకుండా అప్పుడే దాని చోటులో పెట్టెయ్యాలి. మరి అట్టపెట్టె ఎందుకంటే, ఎంత ఆలోచించినా తెగని వాటికి. ఆ పెట్టె మీద తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత తెరవండి. ఈలోగా అందులోని వస్తువు కోసం ఎవరూ వెతకకపోతే, జవాబు దానంతటదే తెలిసిపోయినట్టు. అయితే అలాంటి పెట్టె ఒక్కటే వుండాలి సుమా. రెండోది మొదలైందంటే మళ్ళీ సామాను గదే!

వస్తువు చేతిలోకి తీసుకున్నాక మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. పోయిన ఏడాదిలో దీన్ని వాడామా? ఇది ఈవేళ లేకపోతే మళ్ళీ కొంటామా? ఇది మన దగ్గర వుంటే ఉపయోగమా, ఇంకొకరి దగ్గర వుంటే ఉపయోగమా? మూడు ప్రశ్నలకూ జవాబు తేలకపోతే పెట్టెలో వేసి ముందుకు సాగండి. ఒక్క వస్తువు దగ్గర రెండు నిమిషాలకంటే నిలబడవద్దు.

ఇక వరస. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టాలి, ఆఖరి మూల నుంచి కాదు. మొదటి వారం నేల మీద వున్నవే చూడండి. చిరిగిన సంచులు, ఖాళీ డబ్బాలు, పగిలిన బకెట్లు, ఇవి ఏ ఆలోచనా అక్కరలేనివి. ఇవి పోతే కాలు పెట్టే చోటు వస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది. ఫొటోలు, ఉత్తరాలు, పోయిన వాళ్ళ గుర్తులు మాత్రం ఆఖరి వారానికి వుంచండి. వాటితో మొదలుపెట్టిన వాళ్ళు రెండో రోజుకు చేరడం మేము చూడలేదు.

ఈ మొదటి వారంలో కొంచెం జాగ్రత్త కావాలి. ఏళ్ళ తరబడి కదలని సామాను కింద తేళ్ళు, జెర్రులు వుంటాయి. పల్లెల్లో అయితే పాములు కూడా. చేతులు పెట్టే ముందు కర్రతో కదిలించండి, టార్చిలైటు వేసి చూడండి. కిటికీ తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం వున్న వాళ్ళను ఆ ఇరవై నిమిషాలు అటు రానివ్వకండి. పొడి చీపురుతో దుమ్ము లేపేకంటే తడిగుడ్డతో తుడవడం మేలు. అటక మీది బరువులు దించేటప్పుడు స్టూలు పట్టుకోవడానికి ఇంకొక మనిషి తప్పకుండా వుండాలి.

పెరట్లో, డాబా మీద వున్న వాటినీ ఈ వారంలోనే చూడండి. డెంగీని మోసే దోమ మురుగు కాలువలో కంటే మంచినీళ్ళలోనే ఎక్కువగా పెరుగుతుంది. పాత టైరు, కొబ్బరిచిప్ప, మూత లేని డబ్బా, వాడని కూలరు, వీటిలో నిలిచిన వాన నీళ్ళు దానికి చాలు. మన వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా డబ్బా గోడకు అంటుకుని నెలల తరబడి బతికే వుండి, మళ్ళీ వాన పడగానే పిల్లలవుతాయి. అందుచేత నీళ్ళు ఒంపేసి వదిలేస్తే సరిపోదు, పాత్రను లోపల రుద్ది కడగాలి. అక్కరలేని పాత్ర అసలు వుండకపోవడం అన్నిటికంటే మంచిది.

రెండో వారం బట్టలు. రోజుకు ఒక్క మూట విప్పండి. తొడగదగ్గవి, ఇవ్వదగ్గవి, చింపి మసిగుడ్డలు చేసుకోదగ్గవి, మూడు భాగాలు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు వస్తే సంతోషమే, కాని జాగ్రత్త! నాలుగు చీరలు వెళ్ళి రెండు గిన్నెలు వచ్చాయంటే గది ఖాళీ అయినట్టా, కాదా? ఇంట్లో గిన్నెలు చాలినన్ని వుంటే ఆ బేరం వద్దు. బట్టల పెట్టెలో కలరా ఉండలు చల్లే అలవాటు చాలా ఇళ్ళల్లో వుంది. పసిపిల్లలున్న ఇంట్లో అది మంచిది కాదు. పుట్టుకతోనే రక్తంలో ఒక ఎంజైము తక్కువగా వున్న పిల్లలకు ఆ వాసన తగిలిన బట్టల వల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు, రక్తహీనత వచ్చే ప్రమాదం వుంది. బాగా ఎండబెట్టి, ఎండిన వేపాకు మధ్యలో వేస్తే సరిపోతుంది.

బట్టలు ఇచ్చేటప్పుడు ఒక మర్యాద పాటించాలి. మన చేత్తో ఎదుటివారి చేతిలో, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ పెట్టగలిగిన బట్టే ఇవ్వాలి. ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వాలి. చిరిగినదీ, మరకలదీ "పేదవాళ్ళకు పనికొస్తుందిలే" అని మూటగట్టి పంపితే అది దానం కాదు, మన చెత్త వాళ్ళింటికి చేర్చడం. పనికిరానిది పారెయ్యడానికి మనమే ధైర్యం చేయాలి.

మూడో వారం కాగితాలు. అన్నిటికంటే ముఖ్యమైన వారం ఇదే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల పేటలన్నీ రోజుల తరబడి నీళ్ళలో వున్న సంగతి మనకందరికీ తెలిసిందే. బియ్యం పోయినా, పరుపు పోయినా మళ్ళీ తెచ్చుకోవచ్చు. నేల మీది పెట్టెలో, మంచం కింది సూట్‌కేసులో వున్న సర్టిఫికెట్లు, దస్తావేజులు తడిసి ముద్దయిపోతే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఆలోచించండి. ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళవలసిన వేళ, ముఖ్యమైన కాగితాలన్నీ ఒక్క సంచిలో వుండి ఆ సంచి ఎక్కడుందో తెలిస్తే, దాన్ని చంకన పెట్టుకుని బయటపడవచ్చు. అటకమీద కొన్ని, బీరువాలో కొన్ని, కొన్ని దాదీమా ట్రంకు పెట్టెలో వుంటే ఏం తీసుకుని పరుగెత్తుతాం?

అందుకని ఒక గట్టి ప్లాస్టిక్ ఫైలు కొనండి. అందులో ఇంటి దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, జనన మరణ ధ్రువపత్రాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, నిఖానామా, బీమా పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, ఆసుపత్రి రిపోర్టులు విడివిడి కవర్లలో పెట్టండి. దాన్ని నేల మీద కాకుండా ఎత్తైన చోట వుంచండి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ చోటు తెలియాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టసవరణ ప్రకారం, ఆ తేదీన గాని ఆ తర్వాత గాని పుట్టిన బిడ్డలకు బడిలో చేరడం మొదలు ఎన్నో పనులకు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. మనవలు, మనవరాళ్ళున్న వాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన డిజిలాకరులో కూడా పిల్లల చేత చాలా పత్రాలు తెప్పించుకుని పెట్టుకోవచ్చు. కాలేజీకి వెళ్ళే కుర్రాడికి ఇది అరగంట పని.

కాగితాల్లో వెతికేటప్పుడు ఏ కాగితమూ విప్పి చూడకుండా తూకానికి వేయకండి. ఒక ఇంట్లో భర్త పోయిన ఒక ఆవిడ, ముగ్గురు పిల్లల తల్లి, ఐదు వారాలపాటు ఇలాగే రోజుకొక మూల సర్దుకుంటూ వచ్చింది. పాత క్యాలెండర్ల మధ్య ఆయన పేరున వున్న బ్యాంకు పుస్తకం ఒకటి బయటపడింది. దాని సంగతి ఆవిడకు అసలు తెలియదు. ఇలాంటివి దొరికితే "పాతదయిపోయింది, ఇంక రాదు" అనుకోకండి. పదేళ్ళు లావాదేవీలు లేని ఖాతాలోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర వుండే ఒక నిధికి జమచేస్తాయి. అయినా ఖాతాదారుకు గాని, వారసులకు గాని హక్కు పోదు. తగిన పత్రాలతో అదే బ్యాంకులో అడగవచ్చు. అలాంటి ఖాతాలను వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైటు కూడా ప్రారంభించింది. దీనికి విరుద్ధమైన అనుభవమూ వుంది. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, మార్చుకునే గడువు దాటిపోయాక చీర మడతల్లోంచి, పాత పర్సుల్లోంచి నోట్లు బయటపడిన ఇళ్ళెన్నో! ఆడవాళ్ళు పైసా పైసా కూడబెట్టిన డబ్బు చిత్తుకాగితమైపోయింది. వస్తువు ఇంట్లో వుండటం వేరు, మన చేతికి అందేలా వుండటం వేరు.

నాలుగో వారం మందులు, కరెంటు సామాను, వంటింటి సామాను. మందు అట్ట మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే వేసి వుంటే ఆ నెల ఆఖరి రోజు వరకు అని అర్థం. అది దాటినవి, పేరు చెరిగిపోయినవి, సగం వాడి వదిలేసిన పిల్లల సిరప్పులు వుంచవద్దు. బియ్యం డబ్బాల్లో పురుగు పట్టకుండా పెట్టే విషపు బిళ్ళలను ఇంట్లో, ముఖ్యంగా మనుషులు నిద్రపోయే గదిలో ఎప్పుడూ వుంచకండి. వాటినుంచి వచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది. పాత ట్యూబులైట్లలో పాదరసం వుంటుంది, పగలగొట్టకండి. ఇన్వర్టరు బ్యాటరీలో సీసం, ఆమ్లం వుంటాయి. కొత్తది కొనే దుకాణానికే పాతది ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు. పాత ఫోన్లు, ఛార్జర్లు చెత్తబండిలో వేయకుండా ఎలక్ట్రానిక్ సామాను విడిగా తీసుకునే చోట ఇవ్వాలి. పెళ్ళిళ్ళలో వచ్చిన బిందెలు, డిన్నరు సెట్లు పెట్టెలు విప్పకుండానే పదిహేనేళ్ళు గడిచిపోతే, వాటిని ఇంట్లో వాడండి, లేదా కొత్త కాపురం పెట్టే ఆడపిల్లకివ్వండి. ఎవరికోసం దాస్తున్నాం?

ఇక ఐదో వారం. ఇది జ్ఞాపకాల వారం. ఇక్కడ తొందర పనికిరాదు. పోయిన అబ్బాజాన్ కళ్ళద్దాలు, ఆయన చేతికర్ర, అమ్మీ కుట్టిన మొదటి గౌను, ఇవి తూకానికి వేసే వస్తువులు కావు. అయితే ఆయన చొక్కాలు ఇరవై దాచేకంటే, ఆయన ఎక్కువగా తొడిగిన ఒక్క చొక్కా శుభ్రంగా, కంటికి కనిపించే చోట దాచుకుంటే ఆ జ్ఞాపకానికి ఎక్కువ గౌరవం. బూజు పట్టిన మూటలో పడివున్న గుర్తు ఎవరికి గుర్తు? ఫొటోలను ఒక ఆల్బములో పెట్టి, వెనక ఎవరెవరో పేర్లు రాయించండి. పెద్దవాళ్ళు వున్నప్పుడే రాయించాలి. ఆ తర్వాత అడగడానికి మనిషి వుండడు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఎవరి వస్తువు మీద వాళ్ళదే అధికారం. కోడలు అత్తగారి పెట్టె, కొడుకు తండ్రి పుస్తకాలు, తల్లి కొడుకు బొమ్మలు చెప్పకుండా పారెయ్యకూడదు. పెద్దవాళ్ళకు ఆ ట్రంకు పెట్టే ఇంట్లో వాళ్ళకంటూ మిగిలిన ఒకే ఒక్క చోటు కావచ్చు. దాన్ని వాళ్ళ ముందు పెట్టి, పక్కన కూర్చుని, "నానీమా, ఇది ఏమిటి? దీని కథేమిటి?" అని అడగండి. కథ చెప్పేశాక చాలాసార్లు వాళ్ళే అంటారు, "ఇది ఫలానా మనవరాలికిచ్చెయ్యమ్మా" అని. అలా అనకపోతే ఆ పెట్టె అక్కడే వుండనివ్వండి. వాళ్ళ మనసు కష్టపెట్టి సంపాదించిన ఖాళీ చోటు మనకు అక్కరలేదు.

సోదరులకు ఒక మాట. ఇప్పటిదాకా చెప్పినదంతా ఆడవాళ్ళ పని అనుకుని వింటున్నారేమో! ఆ గది తలుపు తీసి చూడండి. ఏనాడో వస్తుందని దాచిన స్కూటరు సామాన్లు, పెయింటు డబ్బాలు, పాత వైర్లు, పదేళ్ళ బిల్లు పుస్తకాలు ఎవరివి? అందరం కలిసి నింపిన గది ఒక్కరి నడుముతో ఖాళీ కాదు. బరువులు దించడం, పాత సామాన్లవాడితో బేరం, కాగితాల ఫైలు, ఇవి మీ వంతు. మగపిల్లల చేత కూడా చేయించండి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తన పుస్తకాల అర తాను సర్దుకోగలడు. రేపు హాస్టల్లో వున్నా, ఉద్యోగానికి దేశం కాని దేశం వెళ్ళినా ఆ అలవాటే వాడికి అన్నం పెడుతుంది.

సర్దిన గది మళ్ళీ నిండకుండా వుండాలి గదా! జపాన్ కర్మాగారాల్లో ఐదు సూత్రాల పద్ధతి ఒకటి వుంది. అక్కరలేనిది వేరుచేయడం, వున్నదానికి ఒక చోటు పెట్టడం, శుభ్రం చేయడం, దాన్ని ఒక నియమంగా నిలబెట్టడం, ఆ నియమాన్ని అలవాటు చేసుకోవడం. ఇప్పుడు ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో కూడా దీన్ని పాటిస్తున్నారు. ఇందులో మొదటి మూడూ మనం పండగలకు చేసేవే. మనం వదిలేసేది ఆఖరి రెండింటినీ. అందుకు మేము రెండే కట్టుబాట్లు చెబుతాము. కొత్త వస్తువు ఒకటి లోపలికి వస్తే పాతది ఒకటి బయటికి వెళ్ళాలి. వారానికి ఒకసారి, పది నిమిషాలు, ఇంటిల్లిపాదీ ఆ గదిలోకి వెళ్ళి చోటు తప్పిన వస్తువులను చోటు చేర్చాలి. అంతే.

ఒక రోజు తప్పిపోతే? చుట్టాలు వస్తారు, జ్వరం వస్తుంది, కరెంటు పోతుంది. తప్పిన రోజు తప్పిపోయినట్టే, మర్నాడు మళ్ళీ ఇరవై నిమిషాలు. తప్పినదాన్ని కలిపి నలభై చేయబోకండి. చీమ పంచదార పలుకు మోసినట్టే మన పనీ. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఐదు వారాలంటే దాదాపు పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటలూ ఒకే రోజు చేయమంటే ఎవరూ చేయలేరు. ముక్కలు చేస్తే చేయలేనివాళ్ళు లేరు.

ఇందాక చెప్పిన ఆ తల్లి ఇంట్లో ఇప్పుడు ఆ గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపం వున్నాయి. రెండో అమ్మాయి అక్కడ చదువుకుంటున్నది. కొత్తగా కొన్నదేమీ లేదు. బల్ల ఆ గదిలోనే సామాను కింద దొరికింది!

కాబట్టి మీరు ఇంటికి వెళ్ళాక గది సర్దడం మొదలుపెట్టబోయే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: ఈ గది ఎవరికివ్వబోతున్నాం? చదువుకునే అమ్మాయికా, నాన్నమ్మకా, కుట్టుమిషను పెట్టుకుని నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే కోడలికా? ఆ పేరు ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. ఊరికే శుభ్రం కోసమైతే మూడో రోజుకు విసుగొస్తుంది. మనకు ప్రియమైన మనిషి కోసమైతే ఆ ఇరవై నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి.

రేపు సాయంత్రం తలుపు దగ్గరి మూలతో మొదలుపెట్టండి. వచ్చే వార్షికోత్సవానికి మళ్ళీ కలిసినప్పుడు, ఎవరింట్లో ఎవరికి చోటు దొరికిందో మీ నోట వినాలని మా కోరిక.